లైవ్ డబ్ రెగే షో: అతిథి గాయకులు, హార్న్స్, మిక్సింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డబ్ బ్యాండు షోకి మొదటిసారి వచ్చేవాళ్లు, అతిథిగా పాడటానికి ఒప్పుకున్నవాళ్లు, ట్రాంబోనో ట్రంపెటో పట్టుకుని మాతో వాయించడానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. షోలో నా చోటు మిక్సర్ దగ్గర, అందుకే జవాబులు కూడా అక్కడి నుంచి చూసినట్టే ఉంటాయి. డ్రమ్మర్ రాస్తే ఇంకోలా ఉండేవి.

లైవ్ డబ్ అంటే ఏమిటి? మామూలు రెగే కచేరీకీ దీనికీ తేడా ఏమిటి?

రెగే జమైకా సంగీతం, డబ్ అందులోంచి పుట్టిందే. మొదట్లో పెద్ద తేడా తెలియదు. డ్రమ్స్, బేస్, గిటారు, కీబోర్డు, ముందు గాయకులు, పక్కన హార్న్స్, అంటే ట్రాంబోన్, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు. పల్లవి, ఒక చరణం మామూలుగానే సాగుతాయి. ఆ తర్వాత పాట విడిపోవడం మొదలవుతుంది. గిటారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాయకుడి నోట్లోంచి వచ్చిన చివరి మాట ఒక్కటే మిగిలి హాలంతా తిరుగుతుంది. డ్రమ్స్ కూడా తప్పుకుని కాసేపు బేస్ ఒంటరిగా నడుస్తుంది. అంతలో అన్నీ కలిసి ఒక్క దెబ్బతో వచ్చి పడతాయి.

ఈ తీసేయడం, తిరిగి ఇవ్వడం అంతా అప్పటికప్పుడు మీ ముందే జరుగుతుంది. అందుకే ఒక్కో పాట పది నిమిషాలు కూడా సాగొచ్చు, మర్నాడు అదే పాట ఇంకో రూపంలో వినబడొచ్చు. మామూలు కచేరీలో మిక్సింగ్ చేసే మనిషి కనబడకుండా ఉండటమే మంచిపని. డబ్‌లో ఆ మనిషి కూడా వాయిద్యకారుడే, డెస్క్, అంటే మిక్సర్, ఒక వాయిద్యం.

ఇది ఎక్కడ పుట్టింది?

జమైకాలో, కింగ్‌స్టన్ నగరంలో, 1960ల చివర్లో. ఆ రోజుల్లో అక్కడ సంగీతం జనానికి చేరింది సౌండ్ సిస్టమ్‌ల ద్వారా. నిలువెత్తు స్పీకర్ పెట్టెలు ఆరుబయట పేర్చి రాత్రంతా రికార్డులు వేసేవాళ్లు. అవతలి సిస్టమ్ దగ్గర లేని రికార్డు తన దగ్గర ఉండాలని ప్రతి యజమానికీ పట్టుదల. స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రడ్డీ రెడ్‌వుడ్ ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఒక పాటను తన కోసం ప్లేటు మీద, అంటే రికార్డు మీద, కోయించుకున్నాడని, అందులో గాత్రం పొరపాటున చేరలేదని చెప్పుకుంటారు. ఆ ప్లేటును అలాగే వేస్తే జనమే పాట అందుకుని పాడారట. ఆ తర్వాత కొద్దికాలానికే రికార్డుకి రెండో వైపు గాత్రం లేని ‘వెర్షన్’ వేయడం జమైకాలో రివాజైపోయింది.

ఆ రివాజును కళ చేసినవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బోర్న్ రడక్. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేయడం వృత్తి. వాటర్‌హౌస్ అనే పేటలో, డ్రొమిలీ అవెన్యూలోని ఇంట్లో చిన్న గదిని స్టూడియోగా మార్చుకున్నాడు. బ్యాండు మొత్తం పట్టే చోటు కాదది. వేరేచోట రికార్డు చేసిన టేపులను నిర్మాతలు అక్కడికి తెచ్చేవాళ్లు. టేపు మీద ఉండేది నాలుగే ట్రాకులు. సాధారణంగా డ్రమ్స్ ఒకటి, బేస్ ఒకటి, గిటారు, కీబోర్డు, హార్న్స్ కలిపి ఒకటి, గాత్రం ఒకటి. ఆ నాలుగింటిని ఫేడర్లతో, అంటే శబ్దాన్ని పెంచే తగ్గించే మీటలతో, పైకీ కిందికీ జరుపుతూ, డైనమిక్ సౌండ్స్ స్టూడియో నుంచి కొన్న పాత డెస్క్‌లో శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్ నాబ్ తిప్పుతూ, ఒక పాటలోంచి పది పాటలు తీశాడు. పెద్ద గదిలో మోగినట్టు శబ్దాన్ని మార్చే రివర్బ్ పెట్టెను చేత్తో తడితే లోపలి స్ప్రింగులు కదిలి ఉరుము లాంటి చప్పుడొస్తుంది. అదీ పాటలోకే వెళ్లిపోయేది.

ప్రిన్స్ జామీ, సైంటిస్ట్ లాంటివాళ్లు ఆ గదిలోనే పని నేర్చుకున్నారు. ఇంకోవైపు నిర్మాత లీ ‘స్క్రాచ్’ పెర్రీ 1973లో బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకుని, టబ్బీకి పూర్తిగా భిన్నమైన, పొగమంచులాంటి డబ్ చేశాడు. అగస్టస్ పాబ్లో నోటితో ఊదే చిన్న కీబోర్డు మెలోడికాను ఈ సంగీతానికి ఒక గొంతుగా నిలబెట్టాడు. టబ్బీ 1989 ఫిబ్రవరిలో తన ఇంటి ముందే తుపాకీ కాల్పులకు బలైపోయాడు. ఈ రోజు ఎక్కడ ఎవరు ఎకో నాబ్ తిప్పినా ఆయన ఇంట్లో తొలచిన దారిలోనే నడుస్తున్నారు. 2018 నవంబరులో యునెస్కో జమైకా రెగేను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

స్టూడియోలో పుట్టినదాన్ని స్టేజీ మీద చేయడం ఎలా కుదిరింది?

టేపుకు అలసట లేదు. వంద సార్లు వెనక్కి తిప్పినా అదే వాయిస్తుంది. మనుషులు అలా కాదు, పైగా స్టేజీ మీద రెండో అవకాశం ఉండదు. ఈ ముడిని విప్పడంలో లండన్ చాలా పని చేసింది. బార్బడోస్‌లో పుట్టిన డెనిస్ బోవెల్ తన డబ్ బ్యాండుతో, కవి లింటన్ క్వెసీ జాన్సన్ కవితలకు ఏళ్ల తరబడి వేదికల మీద తోడు వాయించాడు. ఏడ్రియన్ షెర్‌వుడ్ బ్యాండ్లు వాయిస్తుండగానే డెస్క్ దగ్గర నిలబడి డబ్ చేశాడు. గయానాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన మ్యాడ్ ప్రొఫెసర్ డెస్క్‌ను జనం ముందుకే తెచ్చాడు. జయన్ ట్రెయిన్ అనే బృందం మిక్సింగును స్టేజీ నడిమధ్యన పెట్టి, చుట్టూ హార్న్స్‌నీ గాయకులనూ నిలబెట్టింది. మీరు చూడబోయే షో అమరిక చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

మిక్సర్ దగ్గర నిలబడ్డ మనిషి చేతులు అంత హడావిడిగా ఎందుకు కదులుతుంటాయి?

ఒక్క మాటను ఎకోలోకి ఎలా పంపుతామో చెబితే సంగతి అర్థమవుతుంది.

పల్లవి ‘దారి’ అనే మాట మీద ముగుస్తుందనుకోండి. గాయని మైకు నుంచి ఎకో యంత్రానికి వెళ్లే మార్గం అప్పటిదాకా మూసే ఉంటుంది. ఆ మార్గాన్ని తెరిచే నాబ్‌ను ‘సెండ్’ అంటాం. ఆమె ‘దా’ అనబోయే ముందు, ఊపిరి పీల్చుకునే క్షణంలోనే దాన్ని తెరవాలి. ‘రి’ అవగానే మూసేయాలి. అర క్షణం ఆలస్యమైతే ‘దారి’ పోయి ‘రి… రి… రి…’ అని వినబడుతుంది. మూయడం ఆలస్యమైతే తర్వాతి పాదం మొదటి అక్షరం కూడా లోపలికి వెళ్లి బురద బురదగా మారుతుంది. మాట లోపలికి వెళ్లాక రెండో చేయి ‘రిపీట్’ నాబ్ మీద ఉంటుంది. దాన్ని పెంచితే ప్రతిధ్వని చావదు. ఇంకా పెంచితే తనంతట తానే పెరిగిపోతూ అరుపుగా మారుతుంది. ఆ అరుపు అంచు దాకా తీసుకెళ్లి వెనక్కి లాగడమే పనితనం. ఇదంతా జరిగేలోపు డ్రమ్స్ ఫేడర్ కిందికి, హార్న్స్ ఫేడర్ పైకి వెళ్లాలి. ఆ హడావిడి అదీ.

దీనికింద లెక్క కూడా ఉంది. పాట నిమిషానికి 150 దెబ్బల లెక్కన నడుస్తుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 400 మిల్లీసెకన్లు. అదే వేగాన్ని సగం లెక్కన 75 అనేవాళ్లూ ఉన్నారు. ఎకోను 400కి పెడితే ప్రతిధ్వని ప్రతి దెబ్బ మీదా పడుతుంది, వినడానికి కొంచెం బండగా ఉంటుంది. 600కి పెడితే ఒకసారి దెబ్బల మధ్యన, ఒకసారి దెబ్బ మీద పడుతూ తాళంలో అల్లుకుపోతుంది. నాకు ఇదే ఇష్టం. పాత పద్ధతి వాళ్లు వాడేది 1974లో వచ్చిన రోలాండ్ స్పేస్ ఎకో. అందులో నిజంగానే టేపు తిరుగుతుంటుంది. అంకెలు వేయడానికి ఏమీ ఉండదు, చెవితోనే పట్టుకోవాలి.

డ్రమ్మర్ 150 నుంచి 148కి జారాడనుకోండి, వినేవాళ్లెవరూ గమనించరు. ఎకో మాత్రం 400 దగ్గరే ఉంటుంది. ఎనిమిదో ప్రతిధ్వని వచ్చేసరికి తేడా 40 మిల్లీసెకన్లు దాటుతుంది. అప్పుడు అందరికీ ఏదో గజిబిజిగా అనిపిస్తుంది. కాబట్టి నా చేతుల కంటే ముందు మెచ్చుకోవాల్సింది డ్రమ్మర్ నిలకడను.

పాట మధ్యలో గాయని గొంతు ఆగిపోయింది. ఆమె ఇంకా పాడుతూనే ఉన్నట్టుంది. మైకు పాడైందా?

లేదు, మేమే తీసేశాం. ఆమెకు ముందే తెలుసు.

ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది, నేను కాదనను. ఒక మంచి గొంతును పిలిచి, సరిగ్గా మనసు లగ్నమయ్యే చోట మూయడమేమిటని అడుగుతారు. ఆమె పాడినంతసేపూ మీరు మాటల వెంట వెళ్లారు. తీసేశాక ఆ మాటలు మీ తలలోనే నడుస్తుంటాయి, తర్వాతి పాదం మీరే నింపుకుంటారు. స్పానిష్ టౌన్‌లో గాత్రం లేని ప్లేటుకు జనం పాడింది కూడా ఈ కారణంగానే. నాలుగు వరుసల తర్వాత ఆమె గొంతు తిరిగొచ్చినప్పుడు హాల్లో లేచే కేకకు ఇంకో మార్గం నాకు తెలియదు.

అతిథి గాయకులంటే ఎవరు? ఒకరే అంతా పాడరా?

డబ్ షోలో బ్యాండు నేల లాంటిది, గొంతులు మారుతుంటాయి. ఒకే రిథమ్ (పాట కింద నడిచే వాద్య భాగం) మీద ఒకరు తీయగా పాడి వెళ్లాక ఇంకొకరు వచ్చి లయబద్ధంగా మాట్లాడతారు. ఈ రెండోవాళ్లను జమైకాలో డీజే అంటారు. మనకు తెలిసిన డీజే రికార్డులు వేసేవాడు, అక్కడ ఆ పని చేసేవాడి పేరు సెలెక్టర్. కింగ్ టబ్బీ సౌండ్ సిస్టమ్‌లో మైకు పట్టిన యు-రాయ్ ఈ కళకు పెద్దదిక్కు. 1970లో ఆయన రికార్డులు జమైకాలో మారుమోగిపోయాయి. అమెరికాలో ర్యాప్ రికార్డులు రావడానికి చాలా ముందు సంగతి ఇది.

ఒకే రిథమ్ మీద ఎన్నో పాటలు కట్టడం రెగేలో తప్పు కాదు, సంప్రదాయం. కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్‌లో 1960లలో వాయించిన కొన్ని రిథమ్‌ల మీద ఇప్పటికీ కొత్త పాటలు వస్తూనే ఉన్నాయి. అందుకే షోలో ఒక గాయకుడి పాట పూర్తికాకుండానే రెండోవారు అందుకుంటే కంగారుపడకండి.

నన్ను అతిథిగా పాడమన్నారు. ఏం సిద్ధం చేసుకోవాలి?

మొదటిది శ్రుతి. మీకు ఏ శ్రుతి హాయిగా ఉంటుందో వారం ముందే చెప్పండి. బ్యాండు మార్చుకోగలదు, కానీ హార్న్స్ వాళ్లు కాగితాలు మళ్లీ రాసుకోవాలి. రిహార్సల్ కోసం పంపే రికార్డింగును ఎకో లేకుండా పంపమని అడగండి. ఎకో ఉన్నదానితో సాధన చేస్తే దాన్నే ఆనుకుని పాడటం అలవాటైపోతుంది.

రెండోది, ఖాళీ. పాదానికీ పాదానికీ మధ్య చోటు వదలండి. మీరు అంతా నింపేస్తే ప్రతిధ్వనికి చోటుండదు. బాగా పాడేవాళ్లకే ఇది ఎక్కువ కష్టం, ఎందుకంటే గమకాలు వేయగల గొంతు ఊరుకోదు. పొడుగ్గా లాగి ముగించే అచ్చుల కంటే ‘ట’, ‘క’, ‘ప’ లాంటి గట్టి అక్షరాలతో మొదలయ్యే మాటలు ఎకోలో స్పష్టంగా నిలుస్తాయి. మీ పాటలో అలాంటి మాట ఏదో నాకు ముందే చూపిస్తే దాన్నే పట్టుకుంటాను.

మూడోది, మీ గొంతు ఆగిపోయినా పాడటం ఆపకండి. మళ్లీ ఎప్పుడు తెరుస్తానో నాకూ ముందుగా తెలియదు. తెరిచినప్పుడు మీరు పాట మధ్యలో ఉండాలి. మైకును గుప్పిట్లో మూసి పట్టుకోకండి, ఫీడ్‌బ్యాక్ (కీచుమనే చప్పుడు) వస్తుంది. స్పీకర్ల ముందుకు నడవకండి. పాడనప్పుడు మైకును నోటికి దూరంగా ఊపుతూ తిరగకండి, పక్కనున్న డ్రమ్స్ సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) చప్పుడంతా మీ ఎకోలోకి దూరతాయి.

ఒప్పందం గురించి కూడా. షో రికార్డు చేస్తారా, చేస్తే మీ గొంతు ముక్కలను తర్వాత ఇంకో మిక్స్‌లో వాడతారా, అందులో మీ పేరు, వాటా ఎలా ఉంటాయి అన్నవి స్టేజీ ఎక్కకముందే కాగితం మీద పెట్టించుకోండి. డబ్ చరిత్రలో గాత్రం, వాయిద్యం ఇచ్చినవాళ్లకు రావలసింది రాకపోవడం చాలాసార్లు జరిగింది. అడగడంలో మొహమాటం వద్దు.

హార్న్స్ ఎందుకు? కీబోర్డులో ఆ శబ్దాలు ఉంటాయి కదా?

ఉంటాయి. కానీ కీబోర్డు ఊపిరి పీల్చుకోదు. ట్రాంబోన్ వాయించే మనిషి ఊపిరి అందక ఒక స్వరాన్ని కొంచెం ముందే వదిలేస్తే, ఆ వదిలిన చోటే ఎకో మొదలవుతుంది. యంత్రం నుంచి వచ్చే శబ్దానికి అలాంటి అంచులు ఉండవు.

జమైకా సంగీతంలో హార్న్స్ రెగే కంటే పాతవి. కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూల్ అని ఉండేది. క్యాథలిక్ సన్యాసినులు నడిపిన ఆ బడిలో పేద పిల్లలకు చేతిపనులతో పాటు బ్యాండు వాద్యాలు నేర్పేవాళ్లు. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అక్కడి పిల్లలకు దశాబ్దాల పాటు సంగీతంలో అండగా నిలిచారు. ట్రాంబోన్‌లో డాన్ డ్రమండ్, రికో రోడ్రిగెజ్, విన్ గోర్డన్, శాక్సోఫోన్‌లో టామీ మెకుక్, ట్రంపెట్‌లో ‘డిజీ’ జానీ మూర్, వీళ్లందరూ ఆ బడి పిల్లలే. వీళ్లలో డ్రమండ్, మెకుక్, మూర్ 1964లో స్కాటలైట్స్ అనే బ్యాండులో కలిసి వాయించారు. ఒక్క బడి ఒక దేశపు సంగీతాన్ని ఇంతగా మలచడం వేరెక్కడైనా జరిగిందా అని నాకు తరచూ అనిపిస్తుంది.

అన్నిటిలో ట్రాంబోన్‌కు డబ్‌లో ప్రత్యేకమైన చోటుంది. దాని శబ్దం మనిషి గొంతు పలికే మధ్య స్థాయిలోనే ఉంటుంది, స్లైడ్ వల్ల స్వరం నుంచి స్వరానికి జారగలదు. గాత్రం తీసేసిన చోట ట్రాంబోన్ వస్తే పాట ఇంకా ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది.

హార్న్స్ వాయించేవాళ్లు తెలుసుకోవాల్సినవి?

తక్కువ వాయించడం. రెండు ఆవృత్తాల పదబంధం, రెండు ఆవృత్తాల మౌనం. జాజ్ నుంచి వచ్చినవాళ్లకు సోలో దొరికితే చేతులు ఊరుకోవు. ఇక్కడ మూడు స్వరాలు చాలు, నాలుగోది ఎకో వాయిస్తుంది.

బ్యాండు ఎ మైనర్‌ (A minor)లో ఉంటే కాగితం మీద ట్రంపెట్, టెనర్ శాక్సోఫోన్ వాళ్లకు బి మైనర్, ఆల్టో వాళ్లకు ఎఫ్ షార్ప్ మైనర్, ట్రాంబోన్‌కు రాసింది రాసినట్టే. ఇది ముందే సరిచూసుకోకుండా సౌండ్ చెక్‌లో అరగంట పోగొట్టుకునే బ్యాండ్లు ఎన్నో. స్టేజీ మీద వేడికి వాయిద్యం శ్రుతి పైకి పోతుంది, పాటల మధ్య సరిచూసుకోండి. మైకుకు దగ్గరగా, ప్రతిసారీ ఒకే దూరంలో ఊదండి. వీలైనంతవరకు డ్రమ్స్‌కు దూరంగా నిలబడండి. ట్రాంబోన్‌ను ఎకోలోకి పంపినప్పుడు దాని మైకులో పడ్డ స్నేర్ డ్రమ్ చప్పుడు కూడా వెంట వెళ్తే మొత్తం చెడుతుంది. మీరు వాయించనప్పుడు మీ మైకు మూసి ఉంటుంది, కాబట్టి ఉన్నట్టుండి ఏదైనా వాయించాలనిపిస్తే నా వైపు ఒకసారి చూసి చెయ్యెత్తండి.

డ్రమ్స్, బేస్ వాళ్లు గంటసేపు దాదాపు ఒకే ముక్క వాయిస్తారు. వాళ్లకు విసుగు రాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను తర్వాతి షోలో బేస్ మాత్రమే వినమంటాను. నాలుగు లెక్కలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలి, మూడో దెబ్బ మీద కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), స్నేర్ రెండూ కలిసి పడే తాళాన్ని వన్ డ్రాప్ అంటారు. బాబ్ మార్లే బ్యాండు వెయిలర్స్ డ్రమ్మర్ కార్ల్‌టన్ బ్యారెట్ దాన్ని ప్రపంచానికి వినిపించాడు. నాలుగు దెబ్బల మీదా కిక్ పడితే స్టెపర్స్. మొదటి దెబ్బ దగ్గర ఏమీ లేకపోయినా అది ఎక్కడుందో హాల్లో అందరికీ తెలియాలి. అది తెలియజేసేది బేస్, డ్రమ్స్ మధ్య ఉన్న నమ్మకం.

నేను తీసేయగలిగేది వాళ్లు నిలబెట్టినదాన్నే. బేస్ మనిషి ప్రతి నాలుగు ఆవృత్తాలకూ కొత్త మెలిక వేస్తూ పోతే, ఎక్కడ ఏది తీసినా పాట కూలిపోతుంది. ఒకే ముక్కను రెండువందల సార్లు అదే బరువుతో, అదే చోట పెట్టగల మనిషి వెనకుంటేనే నేను ధైర్యంగా అన్నీ ఎత్తేయగలను. డబ్‌లో ఖాళీని తయారుచేసేది మిక్సర్ అనుకుంటారు. చిన్న హాల్లో అసలు సంగతి తెలిసిపోతుంది. అక్కడ డ్రమ్స్ ఫేడర్ పూర్తిగా కిందికి లాగినా డ్రమ్స్ వినబడుతూనే ఉంటాయి, ఎందుకంటే అవి మీకు పదడుగుల దూరంలో ఉన్నాయి. గిటారు యాంప్ అంతే, హార్న్స్ అంతే. అలాంటి చోట నేను చేయి పైకెత్తితే డ్రమ్మర్ నిజంగానే ఆపాలి. నా సైగకు గిటారు మనిషి తీగలు మూయాలి. అప్పుడు డబ్‌ను వాయిస్తున్నది మొత్తం బ్యాండు. నా లెక్కన పెద్ద వేదిక మీద బటన్లతో చేసేదాని కంటే ఇదే కష్టం, ఇదే గొప్ప.

వాయించేవాళ్లకు కూడా ఈ ఎకోలన్నీ వినబడతాయా?

చాలావరకు వినిపించం. వాళ్లు తమను తాము వినడానికి స్టేజీ మీద పెట్టే మానిటర్ స్పీకర్లలో ఎకో లేని పొడి శబ్దమే ఉంటుంది, ప్రతిధ్వని వెంటపడి తాళం తప్పకుండా. గాయకులు అడిగితే కొంచెం కలుపుతాం. నేను హాలు వెనకవైపు ఉంటే ఇంకో ఇబ్బంది. శబ్దం 30 మీటర్లు ప్రయాణించడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే స్టేజీ మీది చేతులు ఒక సమయంలో, నా చెవికి శబ్దం ఇంకో సమయంలో. అందుకే నాకు డెస్క్ స్టేజీ మీదే ఉండటం ఇష్టం. హాల్లో శబ్దం ఎలా ఉందో చూసుకోవడానికి ముందువైపు ఇంకో ఇంజనీరు ఉంటారు.

ల్యాప్‌టాప్ కనబడింది. అది లైవ్ అవుతుందా?

కొన్ని బ్యాండ్లు తాళవాద్యాల ముక్కలు, సైరన్ శబ్దాలు అందులోంచి వేస్తాయి. జమైకాలోనే 1985 నాటికి ప్రిన్స్ జామీ పూర్తిగా కీబోర్డు యంత్రంతో చేసిన రిథమ్ ఊరంతా ఊపేసింది, కాబట్టి యంత్రం పరాయిది కాదు. ఎవరైనా తప్పు చేస్తే మిగతావాళ్లు దాన్ని అందుకుని మలచగలిగితే అది లైవే. మొత్తం మిక్స్ ముందే తయారుచేసుకొచ్చి చేతులు ఊపితే నేను ఒప్పుకోను.

ఎక్కడ నిలబడితే బాగా వినబడుతుంది?

మిక్సర్‌కు కొంచెం ముందు, హాలు మధ్యలో. గోడలకు, మూలలకు ఆనుకుంటే బేస్ ఉబ్బిపోయి మిగతాదాన్ని మింగేస్తుంది. బేస్ గిటారులో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్ల పైనే ఉంటుంది. కాబట్టి రెండడుగులు కాదు, నాలుగైదు అడుగులు జరిగి చూడండి, తేడా తెలుస్తుంది.

బేస్ ఛాతీలో తగులుతోంది. చెవులకు ప్రమాదం లేదా?

ఛాతీలో తగలడం దానంతట అది ప్రమాదం కాదు, ఈ సంగీతం అలాగే వినాలి. ప్రమాదం మొత్తం శబ్దం స్థాయితో, ఎంతసేపు విన్నారన్నదానితో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు ఇచ్చిన ప్రమాణం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని. పనిచోట్ల భద్రత కోసం అమెరికా సంస్థ నియాష్ చెప్పే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. షో అంతకంటే చాలా ఎక్కువసేపు సాగుతుంది కదా.

కాబట్టి ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. దూది పనికిరాదు. సంగీతం వినేవాళ్ల కోసం చేసినవి అయితే అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, ఎకోలు కూడా శుభ్రంగా వినబడతాయి. నేనూ పెట్టుకుంటాను. మధ్యలో బయటికెళ్లి చెవులకు విశ్రాంతి ఇవ్వండి. మర్నాడు కూడా చెవుల్లో గీ మనే మోత తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, వాయిదా వేయకండి.

పిల్లలను తీసుకురావచ్చా?

వేదిక అనుమతిస్తే తీసుకురండి, చెవుల మీద పెట్టే మఫ్‌లు తప్పనిసరి. స్పీకర్లకు దూరంగా ఉండండి. చంటిపిల్లలను వద్దనే అంటాను.

డాన్సు రాదు. ఇబ్బందా?

అసలు లేదు. కళ్లు మూసుకుని ఊగేవాళ్లే ఎక్కువ.

పాటల్లో ‘జా’, ‘బాబిలోన్’ అంటుంటారు. అవేమిటి?

రాస్తఫారి విశ్వాసం నుంచి వచ్చినవి. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్న హైలీ సెలాసీని దైవంగా కొలిచే విశ్వాసమది, జమైకాలో పుట్టింది. ‘జా’ దేవుడి పేరు. ‘బాబిలోన్’ అంటే బానిసత్వాన్నీ అణచివేతనూ నిలబెట్టిన వ్యవస్థ. నల్లజాతి ఆత్మగౌరవం గురించి జమైకా నాయకుడు మార్కస్ గార్వే చెప్పిన మాటలు ఈ పాటల్లో అడుగడుగునా వినబడతాయి. ఆ విశ్వాసం లేనివాళ్లు ఈ సంగీతం వాయించకూడదని ఎవరూ అనరు. కానీ విగ్గులు, టోపీలు పెట్టుకుని దాన్ని వేషంగా మార్చడం నాకు నచ్చదు. షోకి అలా రావద్దని కోరుతున్నాను.

ఫోనులో రికార్డు చేస్తే బేస్ అస్సలు రాలేదు. ఎందుకు?

ఫోను మైకు మాటల కోసం తయారైంది. శబ్దం పెద్దదైతే తనంతట తానే నొక్కేస్తుంది, తిరిగి వినే చిన్న స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలకలేదు. హెడ్‌ఫోన్స్‌లో వింటే కొంచెం మేలు. ఒక నిమిషం తీసుకుని జేబులో పెట్టేయండి, పైకెత్తిన ఫోను వెనకవాళ్లకు అడ్డం.

రాకముందు ఇంట్లో ఏమైనా వినాలా?

అక్కర్లేదు. వినాలనుంటే ఒక్కటి చేయండి. బర్నింగ్ స్పియర్ 1975లో మార్కస్ గార్వే పేరుతో ఆల్బమ్ చేశాడు, 1976లో దాని డబ్ రూపం ‘గార్వీస్ గోస్ట్’ వచ్చింది. మొదటిదాన్ని రెండు మూడు రోజులు వినండి, పాటలు నోటికి రావాలి. తర్వాత రెండోది వేయండి. హార్న్స్ ఎక్కడ మిగిలాయో, గొంతు ఎక్కడ తొంగిచూసి వెళ్లిందో గమనించండి. షోలో వినాల్సిందీ అదే.

షో అయ్యాక డెస్క్ దగ్గరికి వచ్చి చూడొచ్చా?

రండి. ఏ నాబ్ ఏం చేస్తుందో చూపిస్తాను, ఎకో మీరే ఒకసారి తిప్పి చూడొచ్చు. సామాను విప్పడం మొదలుపెట్టకముందే, అంటే చివరి పాట అయిన మొదటి పది నిమిషాల్లో వస్తే వీలవుతుంది. చేతిలో గ్లాసు ఉంటే మాత్రం డెస్క్‌కు దూరంగా పెట్టి రండి.